వెల కట్టాల్సింది వైండింగ్ షాపులో

కేంద్రం 2022లో తెచ్చిన ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. ఏయే వస్తువులు పాడైతే ఈ-వ్యర్థం కింద లెక్కో చెప్పే పట్టిక ఒకటి వాటికి జతగా ఉంది. ఫ్రిజ్‌లు, టీవీలు, కంప్యూటర్లు, ఫోన్లతో పాటు అందులో ఆటబొమ్మలకూ ఒక పద్దు ఉంది. కరెంటుతో నడిచే బొమ్మ రైళ్లను ఆ పద్దులో పేరు పెట్టి మరీ రాశారు. ఢిల్లీ ఇలా చెత్త జాబితాలో వేసిన సరుకునే అమెరికాలో 1954లో పుట్టిన ట్రెయిన్ కలెక్టర్స్ అసోసియేషన్ గీతలు, తుప్పు, రంగు, అట్టపెట్టె చూసి తరగతులుగా విడదీస్తుంది. ఆ రైలును నడిపే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె అమలాపురంలో పాత సామాన్ల కాటా ఎక్కితే ఉత్త ఇనుమైపోతుంది. ఒకే వస్తువుకు మూడు చోట్ల మూడు వెలలు. వీటిలో ఏదీ మొదటి వెల కాకూడదన్నది ఇక్కడి వాదన. పాత ట్రాన్స్‌ఫార్మర్‌కు వెల కట్టేటప్పుడు ముందుగా తేలాల్సింది అది తన పని ఇంకా చేస్తోందా అన్నది. ఇంటి కరెంటును పిల్లవాడి వేలిదాకా రానివ్వకుండా ఆపడం, లోడు పడినా వోల్టేజిని నిలబెట్టడం దాని పని. ఆ సంగతి చెప్పగలిగినవాళ్లు మన ఊళ్లలోనే ఉన్నారు. వ్యవసాయ మోటార్లు చుట్టే వైండింగ్ మేస్త్రీలు వాళ్లు.

కోనసీమలో బొమ్మ రైళ్ల గొడవేమిటని నవ్వుకునేవాళ్లు ఉంటారు. నవ్వదగ్గదే, అసలు రైలే లేని సీమ ఇది. కోటిపల్లి–నరసాపురం లైను 2000-01లో మంజూరైనప్పుడు లోక్‌సభ స్పీకర్ పీఠం మీద ఉన్నది అమలాపురం ఎంపీ బాలయోగే. పాతికేళ్లు దాటినా గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలు దాటి రైలు రాలేదు. రైలు రాకపోయినా మనుషులు ప్రయాణాలు మానలేదు. రాజోలు, కొత్తపేట, అమలాపురం పల్లెల నుంచి కువైట్‌కు, దోహాకు, సౌదీకి, అమెరికాకు వెళ్లినవాళ్లున్న ఇళ్లు ఎన్నో. వాళ్ల పెట్టెల్లో కరెంటు సామాన్లూ వస్తుంటాయి. అమెరికాలో గరాజ్ సేల్‌లో దొరికిన లయనల్ కంపెనీ బొమ్మ రైలు సెట్టు అలా ఇక్కడి అటకెక్కడం వింతేమీ కాదు. అది లేని ఇళ్లలో కూడా దాని బంధువర్గం ఉంటుంది: వాల్వు రేడియో పక్కన పెట్టుకున్న బూస్టరు, ఫ్రిజ్ వెనక మూలిగే పాత స్టెబిలైజరు, సౌదీ మిక్సీతో పాటు వచ్చిన 110 వోల్టుల స్టెప్‌డౌన్ పెట్టె. వీటన్నిటి లోపల ఉండేవి పల్చటి ఇనప రేకుల స్టాంపింగులు, వాటి చుట్టూ ఎనామిల్ వైరు. అందుకే బొమ్మ రైలు పెట్టె గురించి అనుకున్నది చాలావరకు మిగతావాటికీ వర్తిస్తుంది. బొమ్మ రైలునే ముందు పెట్టుకోవడానికి ఒక కారణం ఉంది. దాన్ని ముట్టుకునేది పిల్లలు.

దాని పుట్టుక కథలోనే దాని విలువ ఎక్కడుందో తెలుస్తుంది. గత శతాబ్దం మొదటి పాతికేళ్లలో యూరప్‌లో కొన్ని బొమ్మ రైళ్లు సరాసరి ఇంటి కరెంటుతోనే నడిచాయి. మధ్యలో ఒక బల్బు పెట్టి, దాని గుండా వచ్చిన కరెంటును పట్టాల మీదికి వదిలేవారు. బల్బు వేగాన్ని తగ్గించేది గాని షాక్‌ను ఆపేది కాదు. జర్మన్ కంపెనీ మార్క్‌లిన్ 1926లో 20 వోల్టుల పద్ధతి తెచ్చింది. ఇంగ్లండులో హార్న్‌బీ కూడా 1925 నాటి తన తొలి విద్యుత్ రైలును ఇంటి కరెంటు మీద నడిపి, తర్వాత తక్కువ వోల్టేజికి దిగింది. నేటి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం విద్యుత్ బొమ్మ 24 వోల్టులు దాటకూడదు. ఈ మార్పు ముఖ్యంగా ట్రాన్స్‌ఫార్మర్ వల్ల సాధ్యమైంది. దానిలో గోడ ప్లగ్గు వైపు ఒక చుట్టు, పట్టాల వైపు ఒక చుట్టు ఉంటాయి. రెంటినీ కలిపే తీగ ఉండదు. ఇనప గుండెలోని అయస్కాంత క్షేత్రమే శక్తిని ఇటునుంచి అటు మోస్తుంది. రెండు చుట్లనూ విడదీసేది పల్చటి కాగితం, వార్నిష్ పూత, అంతే. వెల కట్టేవాళ్లు పైనున్న రంగు చూస్తారు, లోపలున్న రాగి చూస్తారు. ఆ కాగితం సంగతి అడిగేవాళ్లు అరుదు. అది బూజు పట్టి చీలిపోయిన పెట్టె ఎంత నిగనిగలాడినా, పట్టాలకు బల్బు గుండా కరెంటు వదిలిన రోజులకు వెళ్లిపోయినట్లే.

ఇప్పుడు కాటా సంగతి చూద్దాం. తూకం ధరను తేలిగ్గా తీసిపారేయడానికి లేదు. ఇందులో ఊహలుండవు, బేరం క్షణాల్లో తెగుతుంది, డబ్బు చేతిలో పడుతుంది. చుట్టు కాలిపోయి, స్టాంపింగులు తుప్పుతో ఉబ్బిన పెట్టెకు అదే న్యాయమైన ధర. కాకపోతే ఇందులో ఓ మెలిక ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ బరువులో పెద్ద వాటా ఇనుముది, రాగి వాటా చిన్నది. విప్పకుండా అమ్మితే మొత్తం బరువును ఇనుము లెక్కలో కట్టడం సులువు. రాగి ఆ తర్వాత విప్పినవాడికి మిగులుతుంది. విప్పి అమ్ముదామంటే, బాగున్న పెట్టెను చేజేతులా చంపుకోవడమే. కాబట్టి కాటా చెప్పేది ఆ వస్తువు చచ్చిపోయాక వచ్చే ధర. బతికున్నదాన్ని ఆ ధరకు ఇచ్చేసి, అదే తరహా కొత్తది కొనడానికి వెళ్లినప్పుడు గాని నష్టం ఎంతో తెలియదు.

ఈ రకం నష్టం గోదావరి జిల్లాలకు కొత్త కాదు. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా 45 కిలోమీటర్ల రైలు మార్గం 1928లో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక 1940లో ఆ పట్టాలు పీకి యుద్ధ అవసరాలకు తరలించారు. అప్పుడు ఆ లైనుకు కట్టిన వెల ఉక్కు బరువు. మళ్లీ రైలు నడిచింది 2004లో, అరవై నాలుగేళ్ల తర్వాత. రాజమండ్రిలో 1900 నుంచి రైళ్లు మోసి 1997లో విశ్రాంతి తీసుకున్న హేవ్‌లాక్ వంతెనదీ ఇలాంటి కథే. తుక్కు కింద అమ్మేద్దామన్న ఆలోచనకూ, పర్యాటకానికి ఉంచుకుందామన్న ఆలోచనకూ మధ్య ఆ 56 ఖానాల వంతెన ఏళ్లకేళ్లు ఊగిసలాడింది. యుద్ధం చేస్తున్న సర్కారుకు ఉక్కే కావాలి కాబట్టి దాని లెక్కలో 1940 నాటి బేరం తప్పు కాకపోవచ్చు. ద్రాక్షారామం నుంచి కాకినాడ వెళ్లాల్సినవాళ్ల లెక్క వేరు. లోహం కావలసినవాడి ధర, వస్తువు కావలసినవాడి ధర ఎప్పటికీ ఒకటి కావు. అమ్మేవాడు మొదటి ధరనే తన ధర అనుకోవడం దగ్గర వస్తోంది చిక్కంతా.

కాటాకు సరిగ్గా అటు కొసన ఇంకో ప్రమాదం ఉంది. అది కలల ధర. పాత వస్తువు అనగానే లక్షలు పలుకుతుందన్న మాట మన జిల్లాల్లో ఎంత దూరం పోయిందో రైస్ పుల్లింగ్ మోసాలు చూస్తే తెలుస్తుంది. బియ్యపు గింజలను లాక్కునే రాగి చెంబట, అందులో ఇరిడియం ఉందట, అంతరిక్ష సంస్థలు కోట్లిచ్చి కొంటాయట! చదువుకున్నవాళ్లు కూడా ఈ మాటలు నమ్మి అడ్వాన్సులు పోసి మునిగారు. 2009లో సౌదీ అరేబియాలో సింగర్ కుట్టు మిషన్లలో రెడ్ మెర్క్యురీ అనే విలువైన ఎర్ర పాదరసం ఉందన్న పుకారు లేచి, మూలపడ్డ మిషన్లకు పిచ్చి ధరలు పలికాయి. అదే పుకారు తర్వాత మన దక్షిణాదిలో పాత రేడియోలు, టీవీల మీద వాలింది. వాటిలో ఎర్ర పాదరసమూ లేదు, నిధీ లేదు. ట్రాన్స్‌ఫార్మర్‌లో ఉన్నవి ఇనుము, రాగి, కాగితం, వార్నిష్. ఇక 'యాంటిక్' అన్న మాట. 1972 నాటి పురావస్తువుల చట్టం కళావస్తువుకు నూరేళ్లు, రాతప్రతికి డెబ్బై అయిదేళ్లు నిండాలంటుంది. యాభై అరవై ఏళ్ల కిందటి రైలు పెట్టె చట్టం దృష్టిలో పాత సామానే. దానికి ఆ బిరుదు తగిలించేవాడు సాధారణంగా దాన్ని అమ్మబోతున్నవాడే అయి ఉంటాడు.

వయసే వెల కానప్పుడు వెల ఎక్కడి నుంచి వస్తుంది? కావాలనుకునేవాళ్ల నుంచి. లయనల్ కంపెనీ 1948 నుంచి 1966 దాకా తయారుచేసిన జడ్‌డబ్ల్యూ రకం ట్రాన్స్‌ఫార్మర్ చూడండి. నల్లటి పెట్టె, రెండు వైపులా రెండు పెద్ద పిడులు, నాలుగు రైళ్లను విడివిడిగా నడిపే ఏర్పాటు. యుద్ధానంతర అమెరికన్ బాల్యంలో దానికున్న హోదా చిన్నది కాదు. ఆ హోదాను ఇవాళ కొనేవాళ్లు ఆనాడు దుకాణం అద్దంలోంచి దాన్ని చూస్తూ నిలబడ్డ పిల్లలే, ఇప్పుడు ముసలివాళ్లయ్యారు. వాళ్ల తరం తరిగేకొద్దీ అటకల మీది సెట్లు బజారుకొస్తున్నాయి, కొనేవాళ్లు తగ్గుతున్నారు. అందుకే మామూలు రకాల ధరలు 1990ల నాటి ఎత్తులో లేవు. జడ్‌డబ్ల్యూ చాలా ఏళ్లపాటు తయారైన సరుకు, అమెరికాలో అరుదైనదీ కాదు. ఇంటర్నెట్‌లో ఎవరో వెయ్యి డాలర్లని రాసుకున్నంత మాత్రాన అది ధర అయిపోదు. అడిగింది ఆశ, అమ్ముడైంది ధర. వెల కోసం వెతికేవాళ్లు వేలం ముగిసి డబ్బు చేతులు మారిన అంకెలనే లెక్కలోకి తీసుకోవాలి. అందులోనూ పనిచేసేవి, పనిచేయనివి విడదీసి చూడాలి. బొమ్మ రైళ్లు సేకరించే కలెక్టర్ల తరగతులు ముఖ్యంగా పైకి కనిపించే స్థితినే కొలుస్తాయి. డబ్బాలో నిద్రపోయే రైలు బోగీకి అది చాలు. గోడకు తగిలించి వాడే ట్రాన్స్‌ఫార్మర్‌కు చాలదు.

అంబాజీపేట కొబ్బరి వ్యాపారి కాయ కొనేటప్పుడు చెట్టు వయసు అడగడు, కాయను చెవి దగ్గర ఆడించి నీటి చప్పుడు వింటాడు. ట్రాన్స్‌ఫార్మర్‌ను అలా ఆడించి వినేది మేస్త్రి. ఆయన చెప్పగలిగిన మొదటి సంగతే చాలామందికి తెలియదు: అమెరికాలో మంచి వెల ఉన్న పెట్టెకు ఇక్కడ ఆ వెల ఉండకపోవచ్చు. అక్కడి కరెంటు సుమారు 115 వోల్టులు, సెకనుకు 60 ఆవృత్తులు. మనది 230 వోల్టులు, 50 ఆవృత్తులు. స్టెప్‌డౌన్ పెట్టె వోల్టులను తగ్గిస్తుంది గాని ఆవృత్తులను పెంచలేదు. 60కి తయారైన చుట్టును అదే వోల్టేజి మీద 50లో నడిపితే ఇనప గుండెలో అయస్కాంత ప్రవాహం అయిదో వంతు పెరుగుతుంది. పెట్టె గట్టిగా గుర్రుమంటుంది, వేడెక్కుతుంది, కాగితం తొందరగా మాడుతుంది. విరుగుడు లేకపోలేదు. 115కు బదులు 96 వోల్టుల దగ్గరలో ఇచ్చే స్టెప్‌డౌన్ చుట్టించుకుంటే గుండె మీద భారం మామూలవుతుంది. అప్పుడు పట్టాలకు వచ్చేది 20 వోల్టులు కాదు, 17లోపే. రైలు కాస్త నెమ్మదిస్తుంది, అంతే. కాని ఆ స్టెప్‌డౌన్ ఖర్చు ఎవరిది? కొనేవాడిది. కాబట్టి అమెరికా ధరలోంచి ఆ ఖర్చు తీసేయాలి. అయిదారు కేజీల పెట్టెను సముద్రం దాటించిన రవాణా ఖర్చు మాత్రం కలపకూడదు. అది మోసుకొచ్చినవాడి ముచ్చటకు అయిన ఖర్చు, వస్తువు విలువ కాదు. జడ్‌డబ్ల్యూ పెట్టెల మీద ఎక్కువగా 275 వాట్లని ఉంటుంది. అది గోడ నుంచి లాగే లెక్క, పట్టాలకు అంత రాదు. వాట్లను బట్టి ధర కట్టేవాళ్లు ఇక్కడ కూడా తప్పులో కాలేస్తారు.

యూరప్ సరుకైతే ఆవృత్తుల చిక్కు లేదు, వాళ్లదీ 50 కాబట్టి. మరో చిక్కు ఉంది. మార్క్‌లిన్ వారి పాత నీలం రేకు పెట్టెలు 220 వోల్టుల కాలానివి. వాటిలో పిడిని వెనక్కి నెట్టితే, ఇంజను దిశ మార్చడానికి 24 వోల్టుల దెబ్బ ఒకటి పట్టాలకు వెళుతుంది. గోడలో 220 ఉన్నప్పటి లెక్క అది. మన సరఫరా 230కి ఆరు శాతం అటూ ఇటూ ఉండొచ్చు. ఆక్వా చెరువుల ఏరేటర్లు తిరుగుతున్నంతసేపూ లైటు గుడ్డిగా వెలిగి, లోడు తగ్గగానే కళ్లు చెదిరేలా వెలగడం ఈ ప్రాంతంలో ఎవరికి తెలియదు? గోడలో 244 ఉంటే ఆ 24 కాస్తా 26 దాటుతుంది. పాత ఇంజన్లు దాన్ని ఓర్చుకుంటాయి. ఎలక్ట్రానిక్ చిప్పులున్న కొత్త ఇంజన్లు కాలిపోవచ్చు. అంటే ఒకే పెట్టె పాత రైలు ఉన్నవాడికి పనిముట్టు, కొత్త రైలు ఉన్నవాడికి గండం. వెల వస్తువులోనే ఉంటుందనుకునేవాళ్లు ఇక్కడ ఆగి ఆలోచించాలి.

మరి వైండింగ్ షాపులో చూసేదేమిటి? బుద్ధున్న మేస్త్రి ముందుగా ప్లగ్గు పెట్టరు. తీగను వేళ్ల మధ్య వంచి చూస్తారు. పాత రబ్బరు పెళుసెక్కి రాలిపోతుంటే తీగ మార్చాకే మిగతా పని. తర్వాత ఇన్సులేషన్‌ను కొలిచే 500 వోల్టుల మెగ్గర్ అందుకుని గోడ వైపు చుట్టుకూ రేకు పెట్టెకూ మధ్య, గోడ వైపు చుట్టుకూ పట్టాల చుట్టుకూ మధ్య తిప్పుతారు. ఒక మెగోమ్ కంటే తక్కువ చూపితే ఆట అక్కడితో ఆపాలి. మంచి స్థితిలో ఉన్నది దానికి ఎన్నో రెట్లు చూపిస్తుంది. ఆ పైన సీరీస్ బల్బు. ట్రాన్స్‌ఫార్మర్‌తో వరుసలో ఒక ఫిలమెంటు బల్బు పెట్టి కరెంటిస్తే, లోపల చుట్లు కలిసిపోనంతవరకు బల్బు మినుకుమంటుందే గాని వెలగదు. భగ్గున వెలిగితే చుట్టు పోయినట్లే. ఇవన్నీ దాటాక లోడు. రైలే అక్కర్లేదు, 12 వోల్టుల కారు బల్బులు రెండు వరుసగా కలిపితే చాలు. ఖాళీగా ఉన్నప్పుడు మీటరులో 20 చూపి, బల్బులు తగిలించగానే 17కు దిగితే కంగారు లేదు. 11కు జారిపోతే లోపల లోపముంది. అరగంట అలా వదిలి చేత్తో తాకి, ముక్కుతో వాసన చూస్తారు. వేడి వార్నిష్ వాసన వేరు, మాడిన వార్నిష్ వాసన వేరు. ఆ తేడా ఏ మీటరూ చెప్పదు. పట్టాలు కలిసిపోతే కరెంటు తెగ్గొట్టే బ్రేకరు పడుతోందా అన్నది చివరి పరీక్ష. పిడి కింద తిరిగే కార్బన్ రోలర్లు అరిగాయా, విజిల్ కోసం పెట్టిన పాత కాపర్ ఆక్సైడ్ రెక్టిఫయర్ పనిచేస్తోందా అన్నవి తర్వాతి సంగతులు. రెండోదాని బదులు చిన్న సిలికాన్ డయోడ్ పెట్టడం అమెరికాలోనూ మామూలు మరమ్మతే.

మెగ్గర్ పరీక్ష ఎక్కడైనా మంచిదే, కోనసీమలో తప్పనిసరి. మూడు వైపులా గోదావరి పాయలు, నాలుగో వైపు సముద్రం. ఉప్పుగాలి, ఏడాది పొడవునా తేమ. 1986 ఆగస్టు వరదలో, 1996 నవంబరు తుపానులో నీట నానిన ఇళ్లలోని సామాన్లు తర్వాత ఎండబెట్టుకుని అటకలెక్కినవి ఉంటాయి. బయట తుడిస్తే పోయిన బురద స్టాంపింగుల మధ్య సన్నటి గీతగా మిగులుతుంది. ఆ గీత కనపడితే ధర సంగతి తర్వాత, ముందు ప్లగ్గుకు దూరంగా పెట్టాలి. అంతమాత్రాన అది పనికిరానిదని కాదు. తేమ పట్టిన చుట్టును బల్బుల వేడిలో ఆరబెట్టి, వార్నిష్ పట్టించి బతికించడం మోటారు మేస్త్రీలకు రోజువారీ పనే. తడిసి ఆరిందా, కాలి చచ్చిందా అన్నది చెప్పగలిగితే చాలు, తుక్కు ధరకు పోవాల్సింది ఏదో, నిలబెట్టుకోవాల్సింది ఏదో తేలిపోతుంది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. మేస్త్రి చేతికి ఇస్తే ఆయన చుట్టు విప్పి కొత్త వైరు చుట్టేస్తారు, పాత తీగ పారేసి మూడు పిన్నుల ప్లగ్గు వేస్తారు, పైన రంగు కొట్టిస్తారు. కలెక్టర్ దృష్టిలో వస్తువు అక్కడే సగం చచ్చింది. నిజమే. అసలు భాగాలు, అసలు రంగు, అట్టపెట్టె, సూచనల కాగితం ఉన్నదానికి కొనేవాళ్లు ఎక్కువిస్తారు. అయితే ఇక్కడ పరీక్షను మరమ్మతుతో కలిపేస్తున్నాం. పైన చెప్పిన పరీక్షలకు చుట్టు విప్పనక్కర్లేదు. పరీక్ష ఫలితం చేతికొచ్చాకే మరమ్మతు చేయించాలా, చేయించకుండా కలెక్టర్‌కు అమ్మాలా అన్న ప్రశ్న వస్తుంది. అరుదైన రకమైతే ముట్టుకోకుండా ఉంచి, 'పనిచేయదు, చూసుకోవడానికే' అని రాసి అమ్మడం పద్ధతి. అరుదు కాని రకమైతే అసలు తీగ మీద మమకారం పెంచుకోవడంలో అర్థం లేదు. పాడైన తీగను అసలుదన్న పేరుతో ఉంచి, 'వాడుకోవచ్చు' అని అమ్మడం నేరం కిందికే రావాలి. రంగు మాత్రం వద్దు. కొత్త రంగు కలెక్టర్‌ను తరిమేస్తుంది, కొనేవాడి కళ్లు కప్పుతుంది, కరెంటుకు ఏ విధంగానూ పనికిరాదు.

రెండో అభ్యంతరం లెక్కలవాళ్లది. వస్తువే అమెరికాలో ఇరవై ముప్పై డాలర్లు చేసే చిన్న రకమైతే దానికి మేస్త్రి, మెగ్గర్, అరగంట లోడు అవసరమా? అమ్మకం కోసమైతే అవసరం లేకపోవచ్చు. అలాంటప్పుడు తూకానికి ఇచ్చేయడమే తెలివి, దానికి సిగ్గుపడక్కర్లేదు. మనవడికి ఆడుకోవడానికి ఇస్తామంటే మాత్రం వస్తువు ధరకూ పరీక్ష ఖర్చుకూ పోలిక పెట్టడమే తప్పు. ఇక తాతగారి జ్ఞాపకమనేవాళ్లతో వాదన లేదు. జ్ఞాపకానికి బజారు ధర అడగరు కాబట్టి అక్కడ వెల కట్టే పనే పడదు. అమ్మబోయేటప్పుడు ఆ జ్ఞాపకాన్ని కూడా ధరలో కలిపేవాళ్లతోనే పేచీ. ఎదుటివాడి తాతగారి కోసం డబ్బిచ్చేవాడు ఉండడు.

అమ్మే కాగితం మీద ఏం రాయాలన్నది ఒక్కటే మిగిలింది. తయారీ కంపెనీ, రకం పేరు, వోల్టులు, ఆవృత్తులు, మెగ్గర్ అంకె, లోడు మీద వోల్టేజి, మార్చిన భాగాలు, పరీక్షించిన తేదీ, మేస్త్రి సంతకం. అరకాగితం చాలు. సెకండ్‌హ్యాండ్ మోటారు కొనే రైతు ఇన్ని ప్రశ్నలూ నోటితో అడుగుతాడు. అవే ప్రశ్నలు బొమ్మకు అడగకపోవడం విడ్డూరం. ఆ కాగితం ఉన్న పెట్టెకు అమెరికాలో అమ్ముడైన ధరలోంచి స్టెప్‌డౌన్ ఖర్చు తీసేసిన అంకె పై హద్దు. తూకం ధర కింది హద్దు. బేరమంతా ఆ రెంటి మధ్యే సాగాలి. కాగితం లేని పెట్టెకు కింది హద్దు దగ్గరే ఆగడం కొనేవాడికి క్షేమం. పరీక్షలో తప్పిపోయినదాన్ని కాటాకు ఇచ్చే ముందు ప్లగ్గు తీగను మొదలంటా కోసేయాలి. అప్పుడు పాత సామాన్ల కుప్పలోంచి తీసి ఇంకెవరూ గోడకు తగిలించలేరు. కోసిన తీగలోని రాగిని విడిగా తూకం వేయించుకోవచ్చు, అది ఇనుము ధరకు పోదు.